ఇంట్లో కాఫీ గింజలు పొడి చేసుకోవడానికి చేతిమర కొనాలా, కరెంటు మర కొనాలా?

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో కాఫీ తాగేవాళ్లం ఐదుగురం: అత్తగారు, మామగారు, మావారు, మరిది, నేను. ఇన్నేళ్లుగా వీధి చివర కాఫీ పొడి దుకాణంలో ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ అనే రెండు రకాల గింజలు సగం సగం మరపట్టించి, నూటికి 20 పాళ్లు చికోరీ (వేయించిన ఒక వేరు పొడి) కలిపించి తెచ్చుకునేవాళ్లం. మొన్న డిసెంబరులో అరకు వెళ్లినప్పుడు వేయించిన గింజలు 2 కిలోలు తెచ్చుకున్నాం. ఆ గింజలను మిక్సీ చిన్న జార్‌లో వేసి పొడి చేస్తున్నాను. వాసన అమోఘంగా ఉంటోంది గానీ డికాషన్ మాత్రం ఏ రోజు ఎలా దిగుతుందో చెప్పలేకపోతున్నాను. ఒక రోజు చక్కగా చిక్కగా దిగుతుంది. మరునాడు అదే కొలతతో వేస్తే పల్చగా నీళ్లలా జారిపోతుంది. ఇంకొక రోజు పై గిన్నెలో నీళ్లు గంటసేపు కదలకుండా నిలబడిపోతాయి, మామగారు పేపరు పక్కన పెట్టి స్పూనుతో ఫిల్టర్‌ను తడుతూ కూర్చుంటారు.

అందుకని కాఫీ కోసమే ఒక మర కొనాలనుకుంటున్నాం. పది వేల వరకు పెట్టగలం, తప్పదంటే ఇంకొక నాలుగైదు వేలు. చేత్తో తిప్పేది రుచికి మంచిదని మరిది అంటాడు. రోజూ ఎవరు తిప్పుతారని అత్తగారు అడుగుతున్నారు. వాడుతున్నవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

తిరగలి (నెల్లూరు)

ఇత్తడి_ఫిల్టర్ గారూ, మీ ప్రశ్న కంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అది తేలకుండా చేతిదా కరెంటుదా అన్న చర్చలోకి దిగితే డబ్బు వృథా అవుతుంది.

మిక్సీ చేసేది కొట్టడం, కాఫీ మర చేసేది విసరడం. మిక్సీ బ్లేడు నిమిషానికి దాదాపు 18,000 నుంచి 20,000 సార్లు తిరుగుతూ ఎదురుపడిన గింజనల్లా కొడుతుంది. అడుగున చిక్కుకున్న పలుకు పదే పదే దెబ్బలు తిని మైదాలా అవుతుంది, అంచుకు ఎగిరిపడిన పలుకు ఒకటి రెండు దెబ్బలతో తప్పించుకుని బొంబాయి రవ్వలా మిగిలిపోతుంది. తిరగలి సంగతి వేరు. రెండు రాళ్ల మధ్య సందు ఎంత ఉందో అంతకు మించిన పలుకు బయటికి రాలేదు, ఒకసారి బయటపడిన పలుకు మళ్లీ లోపలికి వెళ్లి నలగదు. కాఫీ మరలలో ‘బర్’ అని పిలిచేది ఉక్కుతోనో సిరామిక్‌తోనో చేసిన చిన్న తిరగలే. మర తిప్పడం, సందు పెంచడం, తగ్గించడం తప్ప అందులో వేరే రహస్యం లేదు.

మీ డికాషన్ కష్టాలకు కారణం ఇదేనని నా అభిప్రాయం. మన ఫిల్టర్‌లో కాగితం ఉండదు, అడుగున సన్నని రంధ్రాలే ఉంటాయి. మైదాలాంటి పొడి ఎక్కువైన రోజున అది బురదలా రంధ్రాలకు అడ్డుపడి నీళ్లను నిలిపేస్తుంది. రవ్వ ఎక్కువైన రోజున నీళ్లు దాన్ని తడిపి, లోపలి సారం తీసుకోకుండానే దిగిపోతాయి. మిక్సీని ఎన్ని సెకన్లు తిప్పినా రెండూ కలిసే వస్తాయి గనుక ఏ రోజు ఏది గెలుస్తుందో మీ చేతిలో ఉండదు.

కనుక చేతిదైనా కరెంటుదైనా బర్ ఉన్నదే కొనండి. కాఫీ గ్రైండర్ అని పేరు పెట్టి పదిహేను వందలకో రెండు వేలకో అమ్మే కరెంటు వస్తువులలో చాలావాటి మూత తీసి చూస్తే లోపల రెండు రెక్కల బ్లేడు కనిపిస్తుంది. అది చిన్న మిక్సీ, అంతకంటే మరేమీ కాదు. మీ ఇంట్లో ఇప్పటికే పెద్ద మిక్సీ ఉంది.

మిక్సీ_చాలు (కాకినాడ)

తిరగలి గారు చెప్పింది సిద్ధాంతంగా సరైనదే, అయినా పది వేలు ఖర్చు పెట్టేముందు నా పద్ధతి ఒకసారి చూడండి. మిక్సీని ఒకే బిగిన తిప్పకుండా రెండేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పుతాను, మధ్యలో జార్‌ను బాగా కుదుపుతాను. తరువాత సన్న జల్లెడలో జల్లించి పైన మిగిలిన రవ్వను మళ్లీ జార్‌లో వేస్తాను. మా ఇంట్లో ఏడేళ్లుగా ఇలాగే జరుగుతోంది. కాఫీకి వేరే జార్ పెట్టుకోవడం మాత్రం తప్పనిసరి. ఒకసారి రసం పొడి చేసిన జార్‌లో గింజలు వేసి, ఆ వారమంతా జీలకర్ర కాఫీ తాగాం.

తిరగలి (నెల్లూరు)

మిక్సీ_చాలు గారూ, జల్లెడ రవ్వను పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. మైదాను మాత్రం కిందికి వదిలేస్తుంది, ఆ రవ్వను రెండోసారి కొట్టినప్పుడు మైదా ఇంకా పెరుగుతుంది. ఫిల్టర్‌లో నీళ్లు నిలబడిపోయే బాధకు మీ పద్ధతిలో విరుగుడు లేదు. పైగా కాఫీ పొడిలో చికోరీ కూడా ఉంటే అది నీళ్లలో ఉబ్బి ఆ బురదను మరింత బిగిస్తుంది.

రెండో_డికాషన్ (హైదరాబాద్)

నేను మాదాపూర్‌లో ఒక గదిలో ఒంటరిగా ఉంటాను, కాబట్టి నా మాటను ఆ మేరకే తీసుకోండి. నాలుగేళ్లుగా చేతిమరే వాడుతున్నాను. ఉదయం 18 గ్రాముల గింజలు తూచి వేస్తాను, నీళ్లు కాగేలోపు తిప్పడం పూర్తవుతుంది. ముదురుగా వేయించిన గింజలైతే ముప్పావు నిమిషం చాలు, లేతగా వేయించినవైతే నిమిషంన్నర దాకా పడుతుంది. శబ్దం పక్క గదిలోకి కూడా వినిపించదు. ప్రయాణానికి వెళ్తే సంచిలో వేసుకుంటాను.

డబ్బు దగ్గర చేతిమరకు ఒక పెద్ద మెరుగు ఉంది. మోటారు, దాని వేగాన్ని తగ్గించే గేర్లు, స్విచ్చు, పైన పెట్టె, ఇవేవీ లేవు కనుక మనం పెట్టే రూపాయిలో ఎక్కువ భాగం బర్‌కూ, దాన్ని వణకకుండా నిలబెట్టే బేరింగులకూ వెళ్తుంది. నేను ఆరు వేలకు కొన్న చేతిమర ఇచ్చే పొడి, అంతే ధరకు నా స్నేహితుడు కొన్న కరెంటు మర ఇచ్చే పొడి కంటే స్పష్టంగా సమంగా ఉంది. ఇద్దరం రెండింటినీ తెల్ల కాగితం మీద పరిచి చూశాం.

పేర్లు చెప్పమంటే, షాంఘైకి చెందిన టైమ్‌మోర్, తైవాన్‌కు చెందిన వన్‌జెడ్‌ప్రెస్సో, జపాన్‌కు చెందిన హారియో మనవాళ్లు ఎక్కువగా వాడుతున్నవి. జర్మనీలో తయారయ్యే కమాండాంటే పేరు గొప్పదే గానీ మీరు చెప్పిన బడ్జెట్‌కు అందదు. హారియో చేతిమరలలో చాలావరకు సిరామిక్ బర్ ఉంటుంది, మిగిలిన రెండింటిలో ఉక్కు. ఫిల్టర్ కాఫీకి ఉక్కు బర్ తొందరగా పని ముగిస్తుంది.

గోదావరి_గట్టు (రాజమహేంద్రవరం)

రెండో_డికాషన్ గారి గదిలో ఒక కప్పు, ఇత్తడి_ఫిల్టర్ గారి ఇంట్లో ఐదు కప్పులు. తేడా అక్కడే ఉంది.

చిన్నప్పుడు మా తాతగారింట్లో బల్ల అంచుకు స్క్రూతో బిగించిన పోత ఇనుప కాఫీ మర ఉండేది. తెల్లవారుజామున దాన్ని తిప్పే పని పిల్లలది. ఇద్దరు ముగ్గురం వంతులు వేసుకుని తిప్పేవాళ్లం కనుక అది ఆటలా ఉండేది. ఇనుము బరువూ, పొడుగాటి పిడీ, కదలని బల్లా కలిసి సగం శ్రమ అవే తీసుకునేవి. ఇప్పటి చేతిమర అలాంటిది కాదు. ఎడమ చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలి, కుడి చేత్తో తిప్పాలి. తిప్పే చెయ్యి కంటే పట్టుకునే చెయ్యే ముందు నొప్పి పుడుతుంది. నా వయసు 64 ఏళ్లు, బొటనవేలి మొదట్లో కీళ్లనొప్పి ఉంది. మా అబ్బాయి ఎంతో ప్రేమగా కొనిచ్చిన చేతిమరను రెండు నెలలు వాడి, ఆ తరువాత అటక మీద పెట్టాను. మీ అత్తగారు అడిగిన ప్రశ్న చాలా తెలివైన ప్రశ్న.

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

అందరికీ ధన్యవాదాలు. అత్తగారికి గోదావరి_గట్టు గారి మాటలు చదివి వినిపించాను, చాలా సంతోషించారు. కొలత విషయం చెప్పడం మరిచాను. ఉదయం ఒకసారికి 50 గ్రాముల పొడి వేసి 350 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోస్తాను, సుమారు పావు లీటరు డికాషన్ దిగుతుంది. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్ల డికాషన్‌లో పాలు కలుపుతాను. సాయంత్రానికి ఇంకొంచెం వేస్తాను.

రెండో_డికాషన్ (హైదరాబాద్)

అయితే నా మాటను కొంత సవరించుకోవాలి. చిన్న చేతిమరలలో 20 నుంచి 25 గ్రాములకు మించి పట్టదు. 50 గ్రాములంటే రెండు దఫాలు, ఫిల్టర్‌కు తగిన సన్నదనానికి దఫాకు నిమిషంన్నర వేసుకుంటే మూడు నిమిషాలు, మధ్యలో విప్పి, పొడి తీసి, మళ్లీ నింపడానికి ఇంకొక నిమిషం. వినడానికి తక్కువే అనిపిస్తుంది. పాలు పొయ్యి మీద ఉన్నప్పుడు ఆ నాలుగు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో మీకే తెలుసు.

న్యూజెర్సీ_ఆవకాయ (ఎడిసన్)

ఈ చర్చ చదువుతూ ఉంటే ఒక హెచ్చరిక రాయాలనిపించింది. కరెంటు మర తీసుకునేవాళ్లు అమెరికాలో ఉన్న చుట్టాలతో తెప్పించుకుందామని అనుకుంటారు, ధర తక్కువని. దయచేసి ఆ పని చేయకండి. ఇక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడేళ్ల క్రితం మా అన్నయ్య ఎంతో ముచ్చటపడితే ఒక మంచి బర్ గ్రైండర్ మోసుకెళ్లాను. వదిన దాన్ని వంటింటి ప్లగ్గులో పెట్టిన మరుక్షణం ఒక చిన్న మూలుగు వినిపించింది, ఆ తరువాత కాఫీ వాసన కాక వేరే వాసన వచ్చింది. తప్పు గ్రైండర్‌ది కాదు, పెట్టె అడుగున రాసి ఉన్నది చదవని నాది.

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడవచ్చు గానీ, కాఫీ పొడి కోసం వంటగట్టు మీద మూడు కిలోల ఇనుప దిమ్మ పెట్టుకోవడం ఎవరికీ నచ్చదు. ఈ విషయంలో చేతిమరకు ఎదురే లేదు, దానికి ఏ దేశమైనా ఒకటే. ఆ తరువాత మా అన్నయ్యకు చేతిమరే తీసుకెళ్లాను, ఇప్పటికీ వాడుతున్నాడు.

మరమ్మతు_బల్ల (గుంటూరు)

వంటింటి యంత్రాలు బాగుచేయడం నా వృత్తి, అందుచేత నాలుగు మాటలు. న్యూజెర్సీ_ఆవకాయ గారు చెప్పినది అక్షరాలా నిజం. వోల్టేజి దాదాపు రెట్టింపైతే మోటారు తీగచుట్టలో పుట్టే వేడి మామూలుకు నాలుగింతలకు దగ్గరగా ఉంటుంది, ఏ మోటారూ అది తట్టుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని తగ్గిస్తుందే తప్ప హెర్ట్జ్‌ను మార్చదు గనుక, ఇండక్షన్ రకం మోటారు ఉంటే అది ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది.

కరెంటు పోతే ఎలా అని కొందరు వెనకాడతారు. ఇంటి బర్ గ్రైండర్లు చాలావరకు వంద, నూట యాభై వాట్ల పరిసరాల్లో ఉంటాయి, మిక్సీలా 500, 750 వాట్లు లాగవు, కాబట్టి మామూలు ఇంటి ఇన్వర్టర్ మీదే నడుస్తాయి. పాతకాలపు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటారు గురగురమంటుంది. రోజూ అలా నడపవద్దు, అప్పుడప్పుడయితే ఫరవాలేదు.

గింజల్లో కలిసి వచ్చే రాళ్ల విషయం ఎవరూ ఎత్తలేదు. కాఫీని కళ్లాల్లో ఆరబెడతారు. మంచి దుకాణంలో ఏరి ఇస్తారు గానీ, నా దగ్గరికి వచ్చిన మరలలో బర్ పళ్లు విరిగినవాటిని విప్పితే అడుగున చిన్న గులకరాయి దొరికిన సందర్భాలు తక్కువేమీ కావు. చేత్తో తిప్పేటప్పుడు రాయి తగిలితే పిడి ఠక్కున ఆగుతుంది, మీరు వెంటనే వెనక్కి తిప్పి తీసేస్తారు. మోటారుకు ఆ స్పర్శ తెలియదు, ఆగిపోయేదాకా నెడుతూనే ఉంటుంది. అందులోనూ సిరామిక్ బర్ అయితే పెళుసు, పలుకు లేచిపోతుంది. కరెంటు మర కొంటే గింజలను బియ్యం చేటలో పోసినట్టు పోసి ఒకసారి కళ్లతో చూసుకుని వేయండి. ఆ అలవాటు మన ఆడవాళ్లకు నేర్పవలసిన పని లేదు.

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

మరమ్మతు_బల్ల గారూ, మీ ఇంట్లో మగవాళ్లు కూడా ఏరవచ్చండి. బియ్యం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మిక్సీలో మసాలా వాసన పోవడానికి గుప్పెడు బియ్యం వేసి తిప్పుతాం. కాఫీ మరను కూడా అలా శుభ్రం చేయవచ్చా?

మరమ్మతు_బల్ల (గుంటూరు)

మాట తూలాను, క్షమించండి, ఇంట్లో మా పాపతో పాటు నేనూ ఏరుతాను. బియ్యం మాత్రం వేయకండి. పచ్చి బియ్యపు గింజ వేయించిన కాఫీ గింజ కంటే చాలా గట్టిది. కాఫీ గింజ వేగినప్పుడు లోపల గుల్లబారుతుంది కనుక పెళుసుగా విరుగుతుంది, బియ్యం అలా విరగదు. చిన్న మోటారు మీద, దాని ప్లాస్టిక్ గేర్ల మీద ఆ బరువు పడుతుంది. నీళ్లతో కడగడం అంతకంటే తప్పు, ఉక్కు బర్ తుప్పు పడుతుంది. బర్‌ను విప్పి పొడి బ్రష్షుతో దులిపితే చాలు. ముదురుగా వేయించిన, పైన నూనె మెరిసే గింజలు వాడేవాళ్లు పదిహేను రోజులకొకసారి దులపాలి, లేతగా వేయించినవైతే నెలకొకసారి. ఆ నూనె పాతబడితే ముక్కవాసన వస్తుంది, అది మరునాటి పొడికి పడుతుంది.

కరెంటు మర పైన గింజల డబ్బా ఉంటుంది కదా అని అరకిలో నింపి వదిలేయడం కూడా మన తీరప్రాంతపు తేమలో మంచిది కాదు. ఒక ఇంట్లో ఆ డబ్బాలో బొద్దింకల కుటుంబం స్థిరపడి ఉండగా చూశాను. ఏ పూటకాపూట తూచి వేసుకోండి.

పాడేరు_పొగమంచు (పాడేరు)

మీరు తెచ్చుకున్న గింజల గురించి చెబుతాను, ఎందుకంటే మర ఎంపికలో గింజకు కూడా పాత్ర ఉంది. మా మన్యంలో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకించిన మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించేది ప్రధానంగా అరబికా. దానికి 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’ పేరిట భౌగోళిక గుర్తింపు వచ్చింది. నవంబరు నుంచి పండు కోత మొదలవుతుంది. మీరు వీధి దుకాణంలో కొనేది ఫిల్టర్ కాఫీ కోసం ముదురుగా వేయించినది. ఇక్కడ పర్యాటకులకు అమ్మే గింజలలో మధ్యస్థంగానో లేతగానో వేయించినవి చాలా ఉంటాయి. గింజ ఎంత లేతగా వేగితే అంత గట్టిగా ఉంటుంది. మీ చేతిలోని గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. చిట్లితే ముదురు వేపుడు, చిట్లకపోతే లేతది. లేతదైతే చేతిమర తిప్పడం బాగా కష్టమవుతుంది, సిరామిక్ బర్‌తో మరీ కష్టం.

చికోరీ సంగతి కూడా ఆలోచించుకున్నారా? ఇంట్లో పొడి చేసుకోవడం మొదలుపెడితే చికోరీ పొడిని వేరుగా కొని కలుపుకోవాలి. వేయించిన చికోరీ ముక్కలను మీ మరలో వేయవద్దు, అది తేమ పీల్చి బంకగా మారి బర్ పళ్ల మధ్య అతుక్కుపోతుంది. పొడి రూపంలో తెచ్చి, గాలి చొరని సీసాలో పెట్టుకుని, 40 గ్రాముల కాఫీకి 10 గ్రాముల చొప్పున కలిపితే మీరు అలవాటుపడిన పాళ్లు వస్తాయి. నా మటుకు నేను మా అరబికాలో చికోరీ కలిపితే కొంచెం నొచ్చుకుంటాను, కానీ ఐదుగురి నాలుక మీద నా పెత్తనం చెల్లదు.

చీరాల_చెక్కబల్ల (చీరాల)

చేతిమర పిడి తీసేసి, ఆ ఇరుసుకు బ్యాటరీ డ్రిల్లు బిగించి తిప్పితే రెండు లాభాలూ వస్తాయి. నేను వడ్రంగి పని చేస్తాను కనుక డ్రిల్లు ఇంట్లోనే ఉంటుంది, 25 గ్రాములు 20 సెకన్లలో అవుతాయి.

మరమ్మతు_బల్ల (గుంటూరు)

చీరాల_చెక్కబల్ల గారూ, నెమ్మది వేగంలో నడిపితే కొంతకాలం నడుస్తుంది. కానీ చేతిమర బేరింగులు నిమిషానికి నూరు, నూట ఇరవై చుట్ల చేతి వేగానికి చేసినవి. డ్రిల్లు పక్కకు ఒరిగినప్పుడల్లా ఇరుసు వంగుతుంది, అది వంగితే బర్‌ల సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అవుతుంది. మంచి బర్ కొన్న ప్రయోజనమే పోతుంది. వారంటీ కూడా ఉండదు.

గోదావరి_గట్టు (రాజమహేంద్రవరం)

నాదొక సూచన. ఇత్తడి_ఫిల్టర్ గారు కొనేముందు ఎవరి దగ్గరైనా చేతిమర ఒక వారం అరువు తెచ్చుకోవాలి. మొదటి రోజు అందరూ తిప్పుతామంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఐదో రోజు ఎవరి చేతిలో ఉందో చూసి నిర్ణయించుకోవాలి.

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

గోదావరి_గట్టు గారి సలహా ప్రకారం మరిది స్నేహితుడి చేతిమర తెచ్చి పది రోజులు వాడాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదటి రోజు మరిది 50 గ్రాములూ తిప్పాడు. డికాషన్ చూసి మామగారికి మాట రాలేదు. పదిహేను నిమిషాల్లో మొత్తం దిగింది, ఫిల్టర్‌ను తట్టవలసిన అవసరం లేకుండా. పొడిని వేళ్ల మధ్య రాసి చూస్తే ఒకే తీరుగా, బొంబాయి రవ్వ కంటే బాగా సన్నగా, మైదా కంటే కాస్త బరకగా తగిలింది. తిరగలి గారు చెప్పిన తేడా ఆ రోజు అర్థమైంది. రెండో రోజు మామగారు తానే తిప్పుతానని తీసుకున్నారు, వాకింగ్ నుంచి వచ్చి వరండాలో కూర్చుని రేడియో వింటూ తిప్పారు. మూడో రోజు కూడా ఆయనే. నాలుగో రోజు రెండో దఫా మిగిల్చి నాకిచ్చారు. ఐదో రోజు నేను, ఆరో రోజు నేను. ఏడో రోజు రెండో దఫా తిప్పుతుండగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఎనిమిదో రోజు అత్తగారు ఏమీ మాట్లాడకుండా డబ్బాలో మిగిలిన పాత దుకాణం పొడి తీసి వేశారు.

మావి మధ్యస్థంగా వేగిన గింజలు, వేళ్ల మధ్య చిట్లలేదు. పాడేరు_పొగమంచు గారు అన్నట్టు ఆ గట్టిదనమే మమ్మల్ని ఓడించింది. ఒక్క ఉదయానికే రోజుకు 50 గ్రాములంటే నెలకు కిలోన్నర, ఏడాదికి 18 కిలోలు. అంత గింజ చేత్తో తిప్పే ఇల్లు కాదు మాది.

రెండో_డికాషన్ (హైదరాబాద్)

ఏడాదికి 18 కిలోలు! నేను ఆరున్నర కిలోలు తిప్పుతూ నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. మీరు కరెంటుదే తీసుకోండి. ఒక్కటి చూడండి, పొడి ఎంత సన్నగా రావాలో ఎంచుకునే మెట్లు (సెట్టింగులు) ఫిల్టర్ కాఫీకి కావలసిన సన్నదనం దగ్గర దగ్గర దగ్గరగా ఉండాలి. కొన్నింటిలో మొత్తం పదో పన్నెండో మెట్లే ఉంటాయి. ఒక మెట్టులో నీళ్లు నిలబడతాయి, పక్క మెట్టులో పల్చగా జారిపోతాయి, నడుమ ఏమీ ఉండదు. బరాట్జా ఎన్‌కోర్ వంటి కరెంటు మరలలో 40 మెట్లు ఉంటాయి, అది మీ బడ్జెట్ దాటుతుందనుకుంటాను. కానీ పోల్చుకోవడానికి ఆ లెక్క గుర్తుపెట్టుకోండి.

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

మూడు వారాల తరువాత వస్తున్నాను. ఉక్కు బర్, 30 మెట్లు ఉన్న కరెంటు మర పన్నెండు వేల చిల్లరకు కొన్నాం. కొట్లో మూత తీయించి బర్ చూసి, అడుగున 230 వోల్టులు అని రాసి ఉన్నది చదివి మరీ తెచ్చుకున్నాం. మరిదికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వాడు స్నేహితుడి దగ్గర ఆ చేతిమరనే సగం ధరకు కొనుక్కుని తీసుకెళ్లాడు. వాడొక్కడికి అది చక్కగా సరిపోతోంది.

మాకు ఎనిమిదో మెట్టు కుదిరింది. ఏడులో డికాషన్ అరగంట తీసుకుంటుంది, తొమ్మిదిలో పల్చబడుతుంది. 50 గ్రాములకు ముప్పావు నిమిషం. శబ్దం మాత్రం తక్కువేమీ కాదు, మిక్సీ అంత కాకపోయినా తెల్లవారుజామున ఐదు గంటలకు పక్క వాటాకు వినపడుతుంది. అందుకని మర కింద మడిచిన పాత తువ్వాలు వేస్తున్నాను. ఇంకొక చిక్కు ఏమిటంటే, పొడి పడే డబ్బా గోడలకూ మూతకూ అంటుకుని విదిలిస్తే వంటగట్టంతా ఎగురుతోంది. దీనికి ఉపాయం ఏదైనా ఉందా?

తిరగలి (నెల్లూరు)

అది రాపిడి వల్ల పుట్టే స్థిర విద్యుత్తు, మన తలమీద దువ్వెన చేసే పనే. గింజలు వేసేముందు స్పూను కాడను నీళ్లలో ముంచి, ఆ తడి కాడతో గింజలను ఒకసారి కలపండి. ఒక చుక్క చాలు, అంతకు మించితే బర్‌కు మంచిది కాదు. అమెరికాలోని ఆరిగన్ విశ్వవిద్యాలయం వారు 2023లో ప్రచురించిన పరిశోధనలో కూడా గింజకు కొద్దిగా తడి తగిలిస్తే ఆ విద్యుత్తు తగ్గుతుందని, పొడి ఉండలు కట్టడం కూడా తగ్గుతుందని తేలింది.

ఇత్తడి_ఫిల్టర్ (విజయవాడ)

ఈ రోజు ఉదయం అలాగే చేశాను. డబ్బా మూత శుభ్రంగా ఉంది, గట్టు మీద పొడి పడలేదు. మామగారు స్పూను అడిగారు. ఫిల్టర్‌ను తట్టడానికేమో అనుకుని కంగారుపడ్డాను. చక్కెర వేసుకోవడానికట.